ప్రాణము పాడిన పాట: సోల్ సంగీతము, దాని గాయకులు, మన సంఘములు

ఉపోద్ఘాతము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోను వాటి చుట్టునున్న గ్రామములలోను సేవ చేయుచున్న కాపరులు కూడుకొనినప్పుడు ఒక ప్రశ్న తరచుగా వచ్చుచున్నది. ఆదివారము ఆరాధనలో పాట నడిపించు యౌవనస్థుడు శనివారము రాత్రి ఒక పెండ్లిలో ఆర్కెస్ట్రాతో సినిమా పాట పాడెను. లేక ఒక సభా వేదికపై జానపద గీతము పాడెను. ఎవరో దానిని ఫోనులో తీసి ఊరంతటికి పంపిరి. అతనిని మరల సంఘపు గాయక బృందములో నిలువబెట్టవచ్చునా? కొన్ని సంఘములు అతనిని పెద్దల యెదుట మందలించి మైకు తీసివేయుచున్నవి. కొన్ని సంఘములు చూచియు చూడనట్లు ఊరకుండుచున్నవి. మొదటి మార్గమున గాయకుని పోగొట్టుకొనుచున్నాము. రెండవ మార్గమున అతనికి ఏ బోధయు ఇయ్యకుండ విడిచిపెట్టుచున్నాము.

ఈ ప్రశ్న మనకు క్రొత్తగా తోచవచ్చును గాని క్రీస్తు సంఘమునకు క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు మధ్య భాగమున అమెరికాలోని నల్లజాతి సంఘములు ఇదే ప్రశ్నను మనకంటె ఎంతో తీవ్రముగా ఎదుర్కొన్నవి. సంఘములో పాడ నేర్చిన పిల్లలు అదే గొంతుతో, అదే రాగముతో బయటి వేదికలపై పాడిరి. ఆ పాటకే లోకము సోల్ సంగీతము అని పేరు పెట్టినది. ఆ గాయకులలో అనేకులు పాస్టర్ల కుమారులు, కుమార్తెలు. కావున వారి పాటల చరిత్ర వినోద చరిత్ర మాత్రమే కాదు. అది సంఘ చరిత్రలో ఒక అధ్యాయము. ఈ వ్యాసములో సోల్ అను పదమును, ఆ సంగీతము పుట్టిన స్థలమును, దాని ముఖ్య గాయకులను క్లుప్తముగా పరిచయము చేసి, ఆ చరిత్ర మన ప్రాంతపు సంఘములకు నేర్పు పాఠమును పరిశీలించెదము.

1. సోల్ అనగా ఆత్మా, ప్రాణమా?

సోల్ అను ఇంగ్లీషు మాటను మనము వెంటనే ఆత్మ అని తర్జుమా చేయుదుము. అప్పుడు సోల్ సంగీతము ఆత్మీయ సంగీతము అనునట్లు వినబడును. ప్రేమ పాటలకు ఆ పేరేమిటని ఆశ్చర్యపడుదుము. మన తెలుగు బైబిలు ఈ చిక్కును విడదీయుటకు సహాయపడుచున్నది. హెబ్రీ భాషలో రూఅహ్ అను మాటకు మనవారు సాధారణముగా ఆత్మ అని వ్రాసిరి. నెఫెష్ అను మాటకు ఆదికాండము 2:7లో జీవాత్మ అని వ్రాసినను, కీర్తనలలో ఎక్కువగా ప్రాణము అని వ్రాసిరి. దావీదు యెహోవాను సన్నుతించుమని పిలుచుకొనినది తన ప్రాణమునే (కీర్తన 103:1). దుప్పి నీటివాగుల కొరకు ఆశపడునట్లు దేవుని కొరకు ఆశపడినదియు ప్రాణమే (కీర్తన 42:1).

నెఫెష్ అను మాటకు మూలములో గొంతు అను అర్థము కూడ కలదని హెబ్రీ పండితులు చెప్పుదురు. యోనా మునిగిపోవుచున్నప్పుడు నీళ్లు వచ్చి ముంచినది ఈ నెఫెష్‌నే (యోనా 2:5). 69వ కీర్తన మొదటి వచనములోను అదే చిత్రము. పాతాళము తెరచుకొను వాయికి కూడ యెషయా ఈ మాటనే వాడెను (యెష. 5:14). దాహము గొనునది, ఊపిరి పీల్చునది, కేక వేయునది, పాడునది అన్నియు ఒక్క గొంతే. మనుష్యుని దేవుని కొరకైన భాగము ఒకటి, లోకము కొరకైన భాగము ఒకటి అని హెబ్రీ ఆలోచన చీల్చలేదు. ఆకలి, ప్రేమ, దుఃఖము, స్తుతి ఒకే ప్రాణము నుండి లేచును.

కాబట్టి సోల్ సంగీతమును ప్రాణ సంగీతము అని తెలుగులో చెప్పుట మేలని మాకు తోచుచున్నది. ఈ ఒక్క మాట పట్టుకొనినయెడల తరువాత చెప్పబోవు చరిత్ర సుళువుగా అర్థమగును.

2. పుట్టిన స్థలము

ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారు అమెరికా పొలములలో పని చేయుచు పాడిన భక్తి గీతములను స్పిరిచువల్స్ అందురు. మోషే, యొర్దాను, యెరికో, చెర, ఇవన్నియు వారికి గత చరిత్ర కాదు. తమ స్వంత కథ. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయిన తరువాత, నాష్‌విల్ పట్టణములోని ఫిస్క్ విద్యాలయపు విద్యార్థులు 1871లో ఫిస్క్ జూబిలీ సింగర్స్ అను బృందముగా బయలుదేరి, అప్పులలో ఉన్న తమ విద్యాలయము కొరకు ఈ పాటలు పాడి ధనము కూర్చిరి. నల్లజాతి సంఘపు పాట సంఘము వెలుపలి శ్రోతలను చేరిన మొదటి గొప్ప సందర్భములలో ఇది ఒకటి.

వారి సంఘములలో పాటల పుస్తకములు తక్కువ. చదువు వచ్చినవారు ఇంకను తక్కువ. అందుచేత ఒకరు చరణము చెప్పగా సభయంతయు దానిని సాగదీసి అందుకొనెడిది. మన పల్లె సంఘములలో ఉపదేశి ఒక పాదము చెప్పగా, అక్షరము రాని తల్లులు దానిని అందుకొని పాడుట మనకు బాగుగా తెలిసినదే. రెండు చోట్లను కారణము ఒక్కటే, ఫలితము ఒక్కటే: పాట పుస్తకములో గాక గొంతులో నిలిచెను.

ఆ తరువాత చెప్పవలసిన పేరు థామస్ ఎ. డోర్సీ (1899-1993). ఆయన జార్జియా రాష్ట్రములో ఒక బాప్టిస్టు బోధకుని కుమారుడు. యౌవనములో మద్యశాలలలో బ్లూస్ అను లోక సంగీతమును పియానోపై వాయించి జీవించెను. 1932లో ఆయన ఊరిలో లేని సమయమున భార్య ప్రసవములో మరణించెను. శిశువు కూడ మరణించెను. ఆ దుఃఖములో ఆయన వ్రాసిన 'ప్రెషస్ లార్డ్' అను ప్రార్థనా గీతము ఈనాటికిని సమాధుల యొద్ద పాడబడుచున్నది. డోర్సీ బ్లూస్ సంగీతపు నడకను సువార్త మాటలతో కలిపి, గాస్పెల్ సంగీతము అనబడు దానికి రూపమిచ్చెను. మొదట అనేక సంఘములు ఆయన పాటలను అంగీకరింపలేదు. మద్యశాల బాణీ మందిరములోనికి తెచ్చుచున్నాడని తలుపు మూసిరి. కొన్ని సంవత్సరములలో అవే పాటలు ఆ మందిరములలో సంప్రదాయమాయెను. మొదటి దాటుడు ఈ విధముగా జరిగెను: లోకపు బాణీ సంఘములోనికి వచ్చెను. రెండవ దాటుడులో సంఘపు బాణీ లోకములోనికి వెళ్లెను. దానినే సోల్ అందుము.

3. సోల్ పాట లక్షణములు

ఈ పాటను వినని పాఠకుల కొరకు దాని నిర్మాణమును మనకు తెలిసిన రూపములతో పోల్చి చెప్పెదము.

మొదటిది, పిలుపు-జవాబు. ముఖ్య గాయకుడు ఒక మాట వేయగా వెనుకనున్నవారు దానికి బదులిత్తురు. బుర్రకథలో కథకునికి వంతలు తందాన పలుకునట్లు, ఒగ్గు కథలో ప్రక్కనున్నవాడు ఊకొట్టునట్లు ఇది సాగును. నల్లజాతి సంఘములో ప్రసంగికుడు ఒక్క మాట అనగా సభ ఆమేన్ అనుట దీనికి మూలము.

రెండవది, గమకము వంటి సాగదీత. ఒక్క అక్షరమును పలు స్వరముల మీదుగా నడిపింతురు. ఇది మన కర్ణాటక గమకము కాదు. ఏడుపునకును కేకకును మధ్యనుండు మెలిక. ఆనందమును ఆ మెలికతోనే పాడుదురు, వేదనను ఆ మెలికతోనే పాడుదురు.

మూడవది, క్రమముగా పైకి ఎక్కుట. పాట నెమ్మదిగా మాటవలె మొదలై, అంతమునకు వచ్చుసరికి కేకగా మారును. నల్లజాతి ప్రసంగము కూడ ఇట్లే మాటతో మొదలై పాటగా ముగియును. ఆర్గన్, తంబురీను, చప్పట్లు మందిరము నుండియే వచ్చినవి.

అనగా సోల్ పాటలో మారినది మాట మాత్రమే, ఒళ్లంతయు సంఘపుదే. ప్రభువా అను చోట ప్రియా అని వచ్చెను. ఆక్షేపణ పుట్టినది కూడ అక్కడనే.

4. గాయకులు

రే చార్లెస్ (1930-2004) ఏడేండ్ల ప్రాయమునకే చూపు కోల్పోయిన పేద బాలుడు. 1954లో 'ఇట్ మస్ట్ బి జీసస్' అను గాస్పెల్ పాట నడకను తీసికొని, ఒక స్త్రీని గూర్చిన 'ఐ గాట్ ఎ ఉమన్' అను పాటగా మార్చి రికార్డు చేసెను. సోల్ సంగీతమునకు ఇది ఆరంభములలో ఒకటని చరిత్రకారులు ఎంచుదురు. పరిశుద్ధమైన దానిని అపవిత్రము చేసెనని బోధకులు మాత్రమే గాక, బ్లూస్ గాయకుడైన బిగ్ బిల్ బ్రూన్జీ కూడ ఆక్షేపించెను. లోకపు గాయకుడే ఈ మాట అనుట గమనింపదగినది. గీత ఎక్కడ ఉన్నదో ఇరుప్రక్కలవారికిని తెలియును.

శామ్ కుక్ (1931-1964) మిసిసిపి రాష్ట్రములో జన్మించెను. తండ్రి హోలీనెస్ సంఘపు పాస్టరు. 1950లో, పందొమ్మిదేండ్ల వయస్సున, సోల్ స్టిరర్స్ అను ప్రసిద్ధ గాస్పెల్ బృందములో ముఖ్య గాయకుడాయెను. 1956లో ఆయన పాడిన 'టచ్ ద హెమ్ ఆఫ్ హిజ్ గార్మెంట్' రక్తస్రావము గల స్త్రీ వృత్తాంతము (మార్కు 5:25-34). ఆ పాట విన్నవారు ఒక సువార్త ఘట్టమును పాటలో కథగా చెప్పుట ఎట్లో నేర్చుకొందురు.

అటుపిమ్మట ఆయన లోక గీతమొకటి పాడదలచెను. గాస్పెల్ శ్రోతలు విడిచిపోవుదురని భయపడి డేల్ కుక్ అను మారుపేరుతో దానిని విడుదల చేసిరి. దేవుని గూర్చి అద్భుతకరుడని పాడిన తమ పాటనే తీసికొని, ఒక యువతి ప్రేమింపదగినదని మార్చిరి. ఆ గొంతును ఎవరు గుర్తుపట్టరు? పేరు దాచవచ్చును గాని ప్రాణమును దాచలేరు. 1957లో 'యు సెండ్ మీ' అను పాట అమెరికా అంతట మొదటి స్థానమునకు వెళ్లెను. శామ్ కుక్ మరల గాస్పెల్ బృందములోనికి రాలేదు.

కాని కథ అక్కడ ముగియలేదు. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ పట్టణములో ఆయనకును ఆయన పరివారమునకును ఒక హోటలులో గది నిరాకరింపబడెను. అడిగినందుకు వారు నిర్బంధింపబడిరి. 1964 జనవరిలో ఆయన 'ఎ చేంజ్ ఈజ్ గాన కమ్' అను పాటను రికార్డు చేసెను. మార్పు తప్పక వచ్చునను నిరీక్షణతో పాడిన ఆ పాట పౌరహక్కుల ఉద్యమపు ప్రార్థనగా మారెను. అది లోక గీతమా, విలాప కీర్తనయా? కీర్తనల గ్రంథములో మూడవ వంతునకు మించి విలాపములే అని యెరిగిన వేదాంత విద్యార్థి ఈ పాటను వినగానే దాని కుటుంబమును గుర్తుపట్టును. 1964 డిసెంబరు 11న లాస్ ఏంజెలిస్‌లో ఒక మోటెలులో తుపాకి దెబ్బకు ఆయన మరణించెను. వయస్సు 33. ఆ మరణము మాదిరికరమైనది కాదు; దానిని దాచనవసరమును లేదు. ఆయన పాట నిజమైనది, ఆయన పడిపోయిన గుంటయు నిజమైనదే.

అరీతా ఫ్రాంక్లిన్ (1942-2018) కథ దీనికి భిన్నమైనది. ఆమె తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ పట్టణములోని న్యూ బేతేల్ బాప్టిస్టు సంఘపు కాపరి. ఆయన ప్రసంగములు రికార్డులుగా అమ్ముడుపోయెడివి. ద్వితీయోపదేశకాండము 32:11లోని పక్షిరాజు గూటిని గూర్చిన ప్రసంగము వానిలో మిక్కిలి పేరుపొందినది. మహాలియా జాక్సన్ వంటి గాయనులు ఆ యింటికి వచ్చి పోయెడివారు. పదేండ్లు నిండక మునుపే తల్లిని కోల్పోయిన అరీతా, 14 ఏండ్ల వయస్సున తండ్రి సంఘములోనే తన మొదటి గాస్పెల్ పాటలను రికార్డు చేసెను. పద్దెనిమిదేండ్లకు లోక గీతములు పాడుటకు బయలుదేరినప్పుడు తండ్రి ఆమెను వెళ్లగొట్టలేదు. తానే ప్రోత్సహించి పంపెను.

1967లో ఆమె పాడిన 'రెస్పెక్ట్' అను పాటను మొదట వ్రాసి పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్ (1941-1967). ఓటిస్ పాడినప్పుడు అది ఇంటికి వచ్చిన పురుషుడు గౌరవము కోరు పాట. అరీతా నోట అది స్త్రీ కోరు గౌరవమాయెను. ఆ కాలపు నల్లజాతి ప్రజల కోరికయు ఆయెను. మాట కొంచెమే మారెను, అడుగుచున్నవారు మారిరి.

1972 జనవరి 13, 14 తేదీలలో, లోక కీర్తి శిఖరమున ఉన్నప్పుడు, ఆమె లాస్ ఏంజెలిస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు మందిరములో నిలిచి, పాస్టరు జేమ్స్ క్లీవ్‌లాండ్‌తోను గాయక బృందముతోను రెండు రాత్రులు గాస్పెల్ పాటలు పాడెను. 'అమేజింగ్ గ్రేస్' అను పేరుతో వచ్చిన ఆ ఆల్బము ఇరువది లక్షలకు మించి అమ్ముడుపోయి, ఆమె ఆల్బములన్నిటిలో అత్యధికముగా అమ్ముడైనదిగా నిలిచెను. రెండవ రాత్రి తండ్రి లేచి మాట్లాడుచు, తన కుమార్తె సంఘమును ఎన్నడును విడిచిపెట్టలేదని సాక్ష్యమిచ్చెను. ఒక కాపరి తన పిల్లను గూర్చి సభలో చెప్పిన ఈ మాట మా దృష్టిలో ఈ చరిత్రయంతటికి కీలకము.

అందరి యిండ్లలో ఇట్లు జరుగలేదు. అల్ గ్రీన్ (జననము 1946) బాలుడుగా ఉన్నప్పుడు లోక గాయకుని రికార్డు వినెనని తండ్రి యింటినుండి వెళ్లగొట్టెను. 1970 దశకపు ఆరంభమున ఆయన మిక్కిలి పేరుపొందిన ప్రేమ పాటల గాయకుడాయెను. 1976లో మెంఫిస్ పట్టణములో ఒక మందిరము కొని దానికి కాపరి ఆయెను. మార్విన్ గే (1939-1984) తండ్రి కూడ బోధకుడే. 1971లో 'వాట్స్ గోయింగ్ ఆన్' అను పాటలో యుద్ధమును, వీధులలోని హింసను చూచి తల్లులను, సహోదరులను, తండ్రిని పేరున పిలిచి ప్రశ్నించిన ఆ గాయకుడు, 1984 ఏప్రిల్ 1న స్వంత తండ్రి చేతి తుపాకికి బలియాయెను. ఆ యింటి కలహమునకు కారణములనేకము. పాట ఒక్కటే కారణమని మేము చెప్పము. కాని బోధకుని యింటిలో ప్రేమ లేనప్పుడు ప్రసంగ పీఠము పిల్లలను కాపాడలేదని ఈ మరణము మనలను హెచ్చరించుచున్నది.

వెళ్లనివారును ఉన్నారు. మహాలియా జాక్సన్ (1911-1972) ఎంత ధనము చూపినను లోక గీతములు పాడ నిరాకరించెను. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ మహాసభలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగమునకు ముందు పాడినది ఆమెయే. ఆమె భూస్థాపన కూడికలో డోర్సీ గీతమును పాడినది ఎవరు? అరీతా. గీతకు ఇటు నిలిచిన గాయని సమాధి యొద్ద గీత దాటిన గాయని పాడెను, ఎవరును ఆటంకపరచలేదు. మధ్య మార్గమున నడిచిన స్టేపుల్ సింగర్స్ కుటుంబము సువార్త నిరీక్షణను సంఘము పేరు చెప్పకనే వీధి భాషలో పాడి, 1972లో 'ఐ విల్ టేక్ యు దేర్' అను పాటతో దేశములో మొదటి స్థానము పొందిరి.

5. మన ప్రాంతపు పాట

ఇప్పుడు మన యింటివైపు చూచెదము. తెలుగు సంఘపు పాటకు పునాది వేసినవారిలో ప్రముఖుడు పురుషోత్తమ చౌధురి (1803-1890). బ్రాహ్మణ కుటుంబములో జన్మించి 1833లో బాప్తిస్మము పొందిన ఆ భక్తుడు తనకు తెలిసిన రాగతాళములలోనే, పల్లవి చరణములతో క్రీస్తును కీర్తించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటపై రాగము, తాళము అచ్చువేయు అలవాటు ఆ వారసత్వమే. అనగా మన కీర్తనయు దాటి వచ్చినదే: దేవాలయపు, భజన మందిరపు సంగీతము సంఘములోనికి వచ్చి పరిశుద్ధపరచబడెను.

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతమునకు సువార్త 1890 ప్రాంతమున, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పని చేసిన రష్యా దేశపు మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీల ద్వారా స్థిరముగా అందెను. విశ్వసించినవారిలో అధికులు మాల, మాదిగ వాడలవారు. వారికి పాట కొరత లేదు. నాటు వేయుచు పాట, కోత కోయుచు పాట, పుట్టినప్పుడు, చచ్చినప్పుడు పాట; దానికి తోడు డప్పు. అయితే అగ్రహారపు రాగము మందిరములోనికి రాగలిగినంత సులువుగా వాడ డప్పు రాలేకపోయెను.

ఇందుకు కారణమును న్యాయముగా చెప్పవలెను. గ్రామదేవతల కొలుపులలో డప్పు కొట్టుట మాదిగలకు కళ మాత్రమే కాదు, వెట్టి. పిలిచినప్పుడు రాక తప్పదు, కూలి అడుగరాదు. క్రీస్తును నమ్మినవారు ఇక కొట్టమని చెప్పినప్పుడు అది విగ్రహారాధనను విడిచిన సాక్ష్యమే గాక, వెట్టిని విడిచిన స్వాతంత్ర్య ప్రకటన కూడ. దానికొరకు వారు దెబ్బలు తినిరి. కాని వెట్టిని పారవేసినప్పుడు దానితోపాటు తాళమును కూడ పారవేసితిమి. తరువాతి కాలములో దళిత ఉద్యమములు ఆ డప్పును ఆత్మగౌరవ చిహ్నముగా మరల చేతికెత్తుకొనినవి. సంఘమింకను సందేహించుచున్నది. డప్పు తప్పు కాదు, వెట్టి తప్పు. డోర్సీ పియానోను నిరాకరించిన సంఘములు నేర్చుకొన్న పాఠమే ఇది.

మరియొక సంగతి. ఈ జిల్లా దుఃఖమును పాడినవారు అధికముగా సంఘము వెలుపలనే ఉండిరి. తెలంగాణ సాయుధ పోరాట కాలమున సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి జన రూపములను చేతబట్టి, పసులుగాయు పసివాని కష్టమును పాటగా కట్టిరి. వెట్టి క్రింద నలిగిన ఆ పిల్లవాడు మన సంఘములలోని తాతలలో ఒకడు కావచ్చును. వాని కన్నీటికి మన పాటల పుస్తకములో చోటెక్కడ? రక్షణానందమును గూర్చి మనకు ఎన్నో కీర్తనలున్నవి. అన్యాయమును గూర్చి దేవునికి మొఱ్ఱపెట్టు కీర్తనలు బహు కొద్ది. శామ్ కుక్ పాట ఆ లోటును మనకు చూపించుచున్నది.

దాటి వచ్చిన పాట మనలను దీవించిన సందర్భమును మరువరాదు. 1978లో వచ్చిన కరుణామయుడు చలనచిత్రములో మోదుకూరి జాన్సన్ గారు వ్రాయగా ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గారు పాడిన సిలువ యాత్ర పాటను శుభ శుక్రవారమున మన సంఘములు ఎంత భక్తితో వినుచున్నవి! జాన్సన్ గారు సినిమాలకు ఇతర పాటలును వ్రాసిరి. బాలసుబ్రహ్మణ్యం గారు అన్ని విధముల పాటలును పాడిరి. ఆ కారణముచేత ఆ పాటను మనమెవ్వరమును ఆపలేదు. చలనచిత్రపు గాయకుని పాటను మందిరములోనికి ఆహ్వానించిన మనము, మందిరపు గాయకుడు వెలుపల పాడగానే తలుపు వేయుట ఏ న్యాయము?

6. కాపరులకు కొన్ని ఆలోచనలు

ఏ పాటయైనను పాడవచ్చునని మేము చెప్పుట లేదు. స్త్రీని అవమానించు పాట, కులమును హేళన చేయు పాట, త్రాగుడును పొగడు పాట విశ్వాసి నోట రాకూడదు. ఒకే ఊట నుండి తియ్యని నీరును చేదు నీరును ఊరునా అని యాకోబు అడిగిన ప్రశ్న (యాకోబు 3:11) గాయకునికి మొదట వర్తించును. కాని పరీక్ష పాట యొక్క మాటకును, గాయకుని జీవితమునకును పెట్టవలెను. వేదిక ఎక్కడ ఉన్నదను దానికి కాదు. పరమగీతమును తన గ్రంథములో ఉంచుకొన్న సంఘము ప్రేమ పాట అనగానే బెదరనక్కరలేదు.

రెండవది, కూలి సంగతి. పెండ్లిలో పాడిన రాత్రికి వచ్చిన రొక్కముతో ఆ యౌవనస్థుడు చెల్లెలి ఫీజు కట్టుచుండవచ్చును. మిర్యాలగూడ మిల్లులో బస్తా మోయువానిని ఏ మిల్లు, ఎవరి బియ్యము అని మనము అడుగము. పాడి బ్రదుకువానిని అడుగునప్పుడు అదే కనికరముతో అడుగవలెను.

మూడవది, బోధ. అతనిని మందలించుటకు పెద్దలను కూర్చుటకంటె ముందు, కాపరి అతనితో కూర్చుండి అతడు పాడిన పాటను విని, మాట మాటను విప్పి మాట్లాడవలెను. రాత్రి ప్రయాణము, మద్యము, మోసపు ఒప్పందములు, పొగడ్త, ఇవన్నియు ఆ వృత్తిలోని ఉచ్చులు. శామ్ కుక్ కథను అతనికి చెప్పవలెను. అరీతా కథను కూడ చెప్పవలెను. మహాలియావలె సంఘములోనే నిలువదలచినవానిని గౌరవింపవలెను. ఆ నిర్ణయము పెద్దల బలవంతమున గాక అతని హృదయమున పుట్టినదై యుండవలెను.

నాలుగవది, వేదాంత కళాశాలల సంగతి. ఆరాధనా శాస్త్రము బోధించునప్పుడు జర్మను, ఇంగ్లీషు కీర్తనల చరిత్రతోపాటు నల్లజాతి సంఘపు పాటను, పురుషోత్తమ చౌధురి కీర్తనను, వాడ డప్పును ఒకే వరుసలో బోధించినయెడల, పల్లెకు వెళ్లు కాపరి చేతిలో నిషేధపు పట్టికకు బదులు వివేచన ఉండును.

ముగింపు

సోల్ గాయకులు పరిశుద్ధులని గాని, వారి పాటలన్నియు ఆరాధనకు తగినవని గాని మేము వాదింపలేదు. మేము చూపదలచినది ఒక్కటే: వారు సంఘమును దాటి వెళ్లినప్పుడు తమ ప్రాణమును మందిరములో విడిచి వెళ్లలేదు. ఆ గొంతుకు నేర్పినది సంఘము; ఆ కేకకు అర్థమిచ్చినది వాక్యము. దానిని గుర్తించిన తండ్రి కుమార్తెను సభలో తన కుమార్తెయని ఒప్పుకొనెను, ఆమె తిరిగి వచ్చి పాడుటకు మందిరము తెరచియుండెను. గుర్తింపని తండ్రి యింటిలో బాలుడు వీధిన పడెను.

యెహోవా కీర్తనలను అన్యదేశములో ఎట్లు పాడుదుమని చెరలోని యూదులు విలపించిరి (కీర్తన 137:4). సూర్యాపేట బస్టాండు ఎదుట, కోదాడ రహదారి ప్రక్కన, మిర్యాలగూడ మిల్లుల నడుమ బ్రదుకు మన పిల్లలకును ఆ ప్రశ్న ఉన్నది. వారు ఎక్కడ పాడిరని లెక్క వ్రాయుటకంటె, ఎట్లు పాడవలెనో వారితో కలిసి నేర్చుకొనుట కాపరి పని.